పికప్ కింద ఉన్న స్టెప్నీ దించడం, తిరిగి ఎక్కించడం: మొదటి నుంచి చివరి దాకా

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు పికప్ తోలేవారు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: "చక్రం మార్చడం మాకు వచ్చు. బండి కింద ఉన్న స్టెప్నీ కిందికి రావడం లేదు. ఏం చేయాలి?"

చక్రం మార్చే పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది. నట్లు, జాకీ అందరికీ అలవాటే. బండి కొన్నప్పటి నుంచి స్టెప్నీ ముట్టుకోనివారు మాత్రం చాలామంది. అది ఘాట్ మధ్యలో, సరుకు మీద ఉండగా, చీకట్లో మొదటిసారి అవసరపడుతుంది. అందుకే కింది పద్ధతిని ముందు మీ ఇంటి ముందో, షెడ్డులోనో ఒకసారి చేసి చూడండి. దారిలో చేయాల్సి వచ్చినా వరుస ఇదే.

ఒక్క నియమం మాత్రం ముందే చెబుతాను: స్టెప్నీ చేతికి వచ్చి, దానిలో గాలి ఉందని తేలాకే పంక్చరైన చక్రానికి జాకీ పెట్టాలి. జాకీ మీద ఒక చక్రం ఊడదీసి, ఆ తరువాత స్టెప్నీ రావడం లేదని తెలుసుకుంటే బండి మూడు చక్రాల మీద నిలిచిపోతుంది. ఈ వరుసకు ఒకే ఒక మినహాయింపు ఉంది. అది ఆరో భాగంలో వస్తుంది.

1. మీ బండికి ఏ ఏర్పాటు ఉందో చూడండి

పగటిపూట, ఖాళీ బండిని చదును నేల మీద పెట్టి వెనక నుంచి వంగి చూడండి. మూడు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

తీగతో వేలాడేది: ఇసుజు డీ-మ్యాక్స్, టయోటా హైలక్స్ వంటి పికప్‌లకు ఇదే. చాసిస్‌కు బిగించిన చిన్న పెట్టెలో గేర్లు, తీగను చుట్టుకునే డ్రమ్ము ఉంటాయి. దీన్నే వించ్ అంటారు. బావి గిలక మీది చేంతాడులా తీగ అక్కడి నుంచి దిగి, రిమ్ము నడిమి రంధ్రం గుండా వెళ్తుంది. తీగ చివర ఉన్న ఇనుప బిళ్ల రిమ్మును కింది నుంచి పట్టుకుంటుంది. కొన్ని బండ్లలో తీగకు బదులు గొలుసు ఉంటుంది.

ఫ్రేములో కూర్చునేది: స్టెప్నీ ఒక ఇనుప తట్టలాంటి ఫ్రేములో ఉంటుంది. ఒక వైపు మడత, రెండో వైపు పొడవాటి బోల్టు. బోల్టు వదులు చేస్తే ఫ్రేము ఒక వైపు కిందికి వాలుతుంది.

పక్కన బిగించినది: చాసిస్ పక్కనో, క్యాబిన్ వెనకనో నట్లతో బిగించి ఉంటుంది. నట్లు విప్పి దించుకోవడమే.

ఇక్కడి నుంచి చెప్పేది ప్రధానంగా తీగ రకానికి. ఫ్రేము రకానికి ఒక జాగ్రత్త చాలు: బోల్టు చివరి మరలకు వచ్చేసరికి బరువంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. ఫ్రేము కింద చెక్కదిమ్మో, జాకీయో ఆసరాగా పెట్టి విప్పండి. కాళ్లు దూరంగా ఉంచండి. చక్రం బరువు పాతిక కిలోల దాకా ఉంటుందని మరిచిపోవద్దు.

తీగ రకంలో వించ్‌ను తిప్పే రాడ్ దూర్చే రంధ్రాన్ని కూడా ఇప్పుడే వెతికిపెట్టుకోండి. సాధారణంగా అది వెనక డాలా (తొట్టి తలుపు) కింద, నంబరు ప్లేటుకు పైనో పక్కనో, లేదా బంపరులో ఉంటుంది. కొన్నింటికి రబ్బరు మూత, కొన్నింటికి తాళం. మాన్యువల్‌లో బొమ్మ ఉంటే దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఘాట్‌లో సిగ్నల్ లేకపోయినా ఫొటో కనిపిస్తుంది.

బాడీ కట్టించిన బండ్లను మరింత జాగ్రత్తగా చూడాలి. షెడ్డులో బలమైన బంపరు, నిచ్చెన, పెద్ద నంబరు ప్లేటు వెల్డింగు చేస్తారు. రాడ్ వెళ్లే దారి మూసుకుపోయిందా లేదా అని ఎవరూ చూడరు. రాడ్ సూటిగా వెళ్లకపోతే ఆ బంపరుకు కొత్త రంధ్రం కొట్టించండి. ఆ పనికి గ్యాస్ కటింగు వాడుతుంటే స్టెప్నీని ముందే దించి పక్కన పెట్టాలి. మంట వేడి టైరుకు తగలకూడదు.

2. బండిలో ఉండాల్సిన సామాను

- కంపెనీ ఇచ్చిన జాకీ రాడ్ ముక్కలన్నీ, స్టెప్నీ వించ్‌కు పట్టే చివర సహా
- జాకీ, వీల్ పానా
- జాకీ కింద వేయడానికి అడుగు చదరం గట్టి చెక్క
- రెండు చెక్క ఆపులు (చక్రాలకు అడ్డుపెట్టే ముక్కోణపు దిమ్మలు)
- తలకు కట్టుకునే టార్చి
- తుప్పు వదిలించే స్ప్రే, వైర్ బ్రష్
- రెండు బారల తాడు, కొక్కెం ఉన్న ఇనుప చువ్వ
- గాలి కొలిచే మీటరు, కాలి పంపు
- గోనె సంచి, చేతి తొడుగులు
- ఎర్రటి ప్రతిఫలన త్రికోణం
- స్టెప్నీ గొలుసుకు తాళం ఉంటే దాని చెవి

చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది. స్టెప్నీ దొంగతనాల భయంతో మన వైపు చాలామంది గొలుసు వేసి తాళం బిగిస్తారు. చెవి యజమాని దగ్గర, బండి డ్రైవరు దగ్గర. అది ఇగ్నిషన్ చెవి గుత్తిలోనే ఉండాలి. తాళం రంధ్రంలోకి మట్టి పోకుండా పాత ట్యూబు ముక్క చుట్టి కట్టండి.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు రాడ్ ముక్కలను తప్పకుండా సరిచూసుకోవాలి. జాకీ ఇస్తారు, పానా ఇస్తారు, చివర ప్రత్యేకమైన ఆకారం ఉన్న రాడ్ మాత్రం ఎక్కడో పోయి ఉంటుంది. అది లేకుండా వించ్ తిరగదు. స్క్రూడ్రైవరు, రెంచీలతో తిప్పబోతే వించ్ పన్ను అరిగిపోతుంది.

3. బండి ఎక్కడ ఆపాలి

పంక్చర్ తెలిసిన చోటే ఆగిపోవాలని లేదు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఎక్కే దారిలోనో, తప్తపాణి ఘాట్‌లోనో మలుపులో ఆగితే ఎదురుగా వచ్చే లారీకి మీరు కనిపించరు. నడక వేగంతో తిన్నని, చదునైన చోటికి తీసుకువెళ్లండి. టైరు పాడవుతుంది, రిమ్ము కూడా దెబ్బతినవచ్చు. అయినా సరే.

ఆగాక చేయాల్సినవి ఈ వరుసలో:

- హజార్డ్ లైట్లు వేయండి. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మొదటి గేరులో గానీ రివర్సులో గానీ ఉంచండి.
- త్రికోణాన్ని వెనక కనీసం 50 మీటర్ల దూరంలో పెట్టండి. మలుపు దగ్గరగా ఉంటే మలుపుకు అవతల పెట్టాలి.
- వెనక సంతకు వెళ్లే మనుషులు కూర్చుని ఉంటే అందరినీ దించండి. లోయ వైపు కాదు, కొండ వైపు, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.
- పంక్చర్ కాని చక్రాలకు ఆపులు పెట్టండి. బండి ఎటు వాలుగా ఉంటే ఆ వైపున.

ఆపులు ఎందుకంటే, గేరులో ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. పికప్‌లలో ఎక్కువ భాగం వెనక చక్రాలతో నడిచేవే. ఒక వెనక చక్రం గాలిలోకి లేస్తే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకు ఇంజను బలాన్ని పంచే గేర్లు) వల్ల ఆ చక్రం ఊరికే తిరిగేందుకు వీలవుతుంది, గేరు పట్టు పోతుంది. హ్యాండ్ బ్రేక్ కూడా వెనక చక్రాలకే ఉంటుంది కాబట్టి నేల మీద మిగిలిన ఒక్క చక్రమే బండినంతా ఆపాలి. ఎర్ర మట్టి మీద, వాన తడిలో ఆ ఒక్క చక్రం జారుతుంది. చెక్క ఆపు లేకపోతే తలకాయంత రాయి పెట్టండి. గుండ్రటిది కాదు, పలకగా ఉన్నది.

సాయానికి జాతీయ రహదారి మీద ఉంటే 1033కు, ఎక్కడైనా ప్రమాద పరిస్థితి అయితే 112కు ఫోన్ చేయండి.

4. స్టెప్నీ దించడం

4.1. గొలుసు, తాళం ఉంటే ముందు వాటిని తీయండి. స్టెప్నీ బరువు గొలుసు మీద పడితే తాళం బిగుసుకుపోతుంది, ఆ తరువాత చెవి తిరగదు.

4.2. సైలెన్సర్ గొట్టం స్టెప్నీ పక్కనుంచే వెళ్తుందేమో చూడండి. ఘాట్ ఎక్కి వచ్చిన బండికి అది చేయి కాలేంత వేడిగా ఉంటుంది.

4.3. రాడ్ ముక్కలు కలిపి, వాటి కీలు సరిగా పడిందో లేదో లాగి చూడండి. రంధ్రంలోంచి నెమ్మదిగా దూర్చండి. వించ్ బంపరు రంధ్రం కంటే కొంచెం కిందుగా ఉండే బండ్లలో రాడ్ ముందుకు వెళ్లేకొద్దీ కిందికి వాలాలి. లోపల చివర తగిలినప్పుడు తోయకుండా కొద్దికొద్దిగా తిప్పండి. గాడిలో పడగానే రాడ్ అరంగుళం లోపలికి దిగినట్టు చేతికి తెలుస్తుంది. ఇక తిప్పితే గట్టిగా పట్టి ఉంటుంది.

4.4. మీరు బండి వెనక, ముందుకు చూస్తూ నిలబడి ఉన్నారనుకోండి. ఎడమకు, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా తిప్పితే సాధారణంగా స్టెప్నీ దిగుతుంది. మీ మాన్యువల్ మరోలా చెబితే అదే పాటించండి. మొదటి ఒకటి రెండు చుట్లు బిగువుగా ఉంటాయి. ఆ తరువాత వదులవుతుంది.

4.5. తిప్పేటప్పుడు పక్కన ఉన్నవారిని ఒక వైపు నిలబడి చూడమనండి. స్టెప్నీ కింద చేయి, తల పెట్టకూడదు. తీగ పాతదైతే ఎప్పుడు తెగుతుందో తెలియదు.

4.6. స్టెప్నీ నేలను తాకగానే ఆపవద్దు. అడుగు, అడుగున్నర తీగ వదులుగా వచ్చే దాకా తిప్పండి. ఇక్కడ తొందరపడి ఆపినవారే తరువాత బిళ్ల తీయలేక అవస్థ పడతారు. అలాగని తీగ మొత్తం అయిపోయాక కూడా తిప్పుతూ పోకండి. డ్రమ్ము మీద తీగ వెనక దిశలో చుట్టుకోవడం మొదలవుతుంది, అప్పుడు మీరు దించుతున్నాననుకుంటూ ఎక్కిస్తుంటారు.

4.7. కొక్కెం చువ్వతో రిమ్మును పట్టుకుని బండి వెనకకు లాగండి. టైరును ఒక అంచు మీద సగం నిలబెట్టండి. ఇప్పుడు రిమ్ము రంధ్రంలో ఉన్న బిళ్ల కనిపిస్తుంది. (దాన్ని కదిపే ముందు 4.8లో చెప్పిన ఫొటో తీయండి.) దాన్ని తీగతో పాటు ఒక వైపుకు వంచి, నిలువుగా చేసి, రంధ్రంలోంచి పైకి తోసేయండి. అడ్డంగా ఉన్నంతసేపు అది రాదు, రాకూడదు కూడా. రిమ్మును పట్టి ఉంచేది ఆ అడ్డమే.

4.8. రిమ్ములో బిళ్ల ఏ వైపున కూర్చుని ఉంది, గాలి నాజిల్ పైకి ఉందా కిందికి ఉందా అన్నది తీసే ముందు ఒక ఫొటో తీయండి. ఎక్కించేటప్పుడు అలాగే పెట్టాలి.

4.9. గాలి చూడండి. మీటరు లేకపోతే బొటనవేలితో నొక్కి సరిపెట్టుకోవద్దు, సరుకు బండి టైరుకు ఆ లెక్క పనికిరాదు. తక్కువగా ఉంటే చక్రం విప్పకముందే పంపు కొట్టండి. నాజిల్ మీద ఉమ్మి రాసి బుడగ వస్తోందేమో చూడటం పాత పద్ధతే గానీ పనిచేస్తుంది.

5. దిగకపోతే

ఎక్కువ ప్రశ్నలు ఈ భాగం గురించే వస్తాయి. కారణాన్ని బట్టి మందు మారుతుంది కాబట్టి, బలం వాడే ముందు ఏది ఆగిందో గుర్తించండి: రాడ్ తగలడం లేదా? తగిలినా తిరగడం లేదా? తిరిగినా తీగ రావడం లేదా? తీగ వచ్చినా స్టెప్నీ రావడం లేదా?

రాడ్ గాడిలో పడకపోతే

దాదాపు ఎప్పుడూ మట్టే కారణం. వాన నీటితో కలిసి గొట్టంలోకి చేరిన ఎర్ర మట్టి ఎండి గట్టిపడుతుంది. సన్నని చువ్వతో కదిపి, సీసాతో నీళ్లు పోసి కడగండి. ఇంటి దగ్గర అయితే పంపు గాలి కొట్టించండి. మట్టి పోయినా పడకపోతే రాడ్ చివర చూడండి. దాన్ని గడ్డపారలా, టామీలా వాడిన చోట చివర వంగిపోయి ఉంటుంది. ఆకురాయితో అంచు సరిచేస్తే సరిపోతుంది.

రాడ్ తగిలినా తిరగకపోతే

తుప్పు. గొట్టం లోపలికి, వీలైతే పక్కనుంచి వించ్ పెట్టె మీదికి తుప్పు స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. తరువాత ముందు కుడికి కొంచెం, అంటే బిగించే వైపుకు, ఆపై ఎడమకు కొంచెం. మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకు. ఇలా ఆడిస్తూ ఉంటే తుప్పు పొర విరుగుతుంది. ఒకే దిశలో గుంజితే పన్ను విరుగుతుంది.

రాడ్‌కు పెద్ద పైపు తొడిగి ఇద్దరు ముగ్గురు వేలాడటం చూస్తుంటాం. వద్దు. లోపలి గేర్లు ఒక చక్రం బరువు మోయడానికి చేసినవి, అంత బలం తట్టుకోవు. గేరు విరిగిన తరువాత తీగ కోయడం తప్ప దారి ఉండదు.

రాడ్ తేలికగా తిరుగుతోంది, తీగ మాత్రం రావడం లేదు

రాడ్ ముక్కల మధ్య కీలు జారి, బయటి ముక్క ఒక్కటే తిరుగుతోందేమో ముందు చూడండి. అదేమీ కాకపోతే వించ్ లోపల గేరు పోయిందన్నమాట. కింద చెప్పిన ఆసరా పద్ధతికి వెళ్లండి.

తీగ వదులైంది, స్టెప్నీ పైనే ఉంది

ఇది వింతగా కనిపిస్తుంది గానీ మన దారుల్లో మామూలే. నెలల తరబడి పేరుకున్న మట్టితో టైరు చాసిస్‌కు అతుక్కుపోతుంది. లేదా రిమ్ము తుప్పు పట్టి పట్టీకి కరుచుకుంటుంది. తీగను మళ్లీ బిగువయ్యే దాకా కుడికి తిప్పండి, తరువాత ఎడమకు వదలండి. రెండు మూడుసార్లు చేశాక కూడా రాకపోతే, తీగలో జానెడు కంటే ఎక్కువ వదులు ఉంచకుండా, బండి పక్కన నిలబడి పొడవాటి కర్రతో టైరు అంచును తోయండి. తీగ మొత్తం వదిలేసి తోస్తే ఊడినప్పుడు పాతిక కిలోలూ ఒక్కసారిగా పడతాయి.

కొన్ని పికప్‌లకు తీగ తెగినా స్టెప్నీ రోడ్డు మీద పడకుండా రెండో పట్టు ఒకటి ఉంటుంది. తీగ హఠాత్తుగా వదులైతే అది పట్టేసుకుంటుంది. దానికి కూడా మొదటి మందు ఇదే: పూర్తిగా బిగించి, 'టక్' అని రెండుసార్లు వినిపించాక నెమ్మదిగా వదలడం.

ఆసరా పద్ధతి

పై వాటిలో ఏదీ కుదరనప్పుడు:

- బండి నాలుగు చక్రాల మీదా నేల మీదే ఉండాలి. ఆపులు పెట్టి ఉండాలి.
- స్టెప్నీ రిమ్ము నడుమ కిందుగా జాకీని పక్కనుంచి జరిపి, దాని మీద చెక్క పెట్టి, బరువు జాకీ మీదికి వచ్చేదాకా ఎత్తండి.
- ఇప్పుడు తీగ మీద బరువు లేదు. రాడ్‌ను మళ్లీ ఆడించి చూడండి. చాలాసార్లు ఇక్కడే వదులుతుంది.
- తీగ అడుగు మేర వదులయ్యాక జాకీని కొద్దికొద్దిగా దించండి.

ఇప్పటికీ రాకపోతే తీగ కోయాలి. ఆ పని చేయి తిరిగిన మెకానిక్ చేత, చదును నేల మీద, స్టెప్నీ కింద జాకీ ఆసరాతో చేయించండి. బిగువుగా ఉన్న తీగను కోస్తే దాని కొస ఎగిరి ముఖానికి తగులుతుంది. రోడ్డు పక్కన హ్యాక్సా బ్లేడుతో ప్రయత్నించవద్దు. కోసినరోజే కొత్త వించ్ వేయించడం కుదరకపోతే స్టెప్నీని తొట్టిలో, క్యాబిన్ వెనక పట్టీకి ఆనించి తాడుతో గట్టిగా కట్టండి.

6. వెనక చక్రమే పంక్చరైతే

సరుకు మీద ఉన్న బండి వెనక చక్రంలో గాలి పోతే బండి ఒక వైపుకు కుంగుతుంది. స్టెప్నీ నేలకు దిగుతుంది గానీ బంపరు కిందుగా బయటికి రాదు. జీడిమామిడి బస్తాలో, అల్లమో నిండుగా ఉన్న బండికి ఇది దాదాపు ఖాయం. పైన చెప్పిన మినహాయింపు ఇక్కడే.

వరుస ఇలా:

1) చక్రం నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయండి. తీయవద్దు.
2) స్టెప్నీని నేల దాకా దించి తీగను వదులు చేయండి.
3) పంక్చరైన వైపు, వెనక ఆక్సిల్ గొట్టం కింద, కమాను కట్టకు (పట్టీల స్ప్రింగుకు) దగ్గరగా జాకీ పెట్టండి. నడుమ ఉన్న గుండ్రటి డిఫరెన్షియల్ కింద పెట్టకూడదు. జాకీ కింద చెక్క తప్పనిసరి.
4) స్టెప్నీ బయటికి రావడానికి ఎంత కావాలో అంతే లేపండి.
5) కొక్కెంతోనో, రిమ్ము రంధ్రంలో వేసిన తాడుతోనో వెనక నుంచి లాగండి. జాకీ మీద ఉన్న బండి కిందికి మనిషి దూరకూడదు, పిల్లవాడిని పంపకూడదు. సన్నగా ఉన్నాడని క్లీనరును కిందికి తోసే అలవాటు మన దగ్గర ఉంది. అది మానాలి.
6) గాలి చూశాక మిగతా ఎత్తు లేపి చక్రం మార్చండి.

ఇలా కూడా రాకపోతే సరుకులో కొంత దించక తప్పదు. వెనక చివర ఉన్న బస్తాలు ముందు దించండి. వెనక భాగం పైకి లేవడానికి అవే ఎక్కువ ఉపయోగపడతాయి. సంతకు వెళ్లే జనం వెంట ఉంటే సాయం దొరుకుతుంది. లాగమని, ఆపమని చెప్పే గొంతు మాత్రం ఒక్కటే ఉండాలి.

7. చక్రం మార్పు, ముఖ్యమైనవి మాత్రమే

స్టెప్నీ చేతికి వచ్చాక, దాన్ని ముందు జాకీ పక్కన చాసిస్ కిందికి పడుకోబెట్టి తోయండి. జాకీ జారితే బండి దాని మీద ఆగుతుంది. పంక్చర్ చక్రం తీసిన వెంటనే రెండింటినీ మార్చుకోండి.

నట్లను ముందు చేత్తో మూడు నాలుగు మరలు ఎక్కించండి. పానాతో బిగించేటప్పుడు పక్కపక్కనే కాకుండా ఎదురెదురుగా బిగించాలి. చివరి బిగింపు చక్రం నేలను తాకాకే. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి పానా వేయండి.

స్టెప్నీగా అరిగిన టైరు ఉంచడం అందరూ చేసేదే. అది ముందు చక్రంగా పడితే ఘాట్ దిగేటప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ దాని మీదే ఆధారపడతాయి. నెమ్మదిగా దిగి, మొదటి షాపులోనే మార్చేయండి. వేరే సైజు టైరు అయితే వెనక ఆక్సిల్‌కు అసలు వేయకూడదు. రెండు వైపులా చుట్టుకొలత తేడా వస్తే డిఫరెన్షియల్ విరామం లేకుండా పనిచేసి వేడెక్కుతుంది.

8. పంక్చర్ చక్రాన్ని వించ్‌కు ఎక్కించడం

దించడం కంటే ఇందులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చక్రం మార్చేశాం, పని అయిపోయిందనే ధీమా వస్తుంది, చేతులు నొప్పిగా ఉంటాయి. సగం బిగించి వదిలేసిన స్టెప్నీ గతుకుల్లో ఊగి ఊగి తీగను కోసేస్తుంది. అది రోడ్డు మీద పడితే వెనక వచ్చే మోటారు సైకిలు మనిషి ప్రాణం పోతుంది.

- రిమ్ము రంధ్రం, బిళ్ల, తీగ మీది మట్టి తుడవండి.
- బిళ్లను నిలువుగా దూర్చి, లోపల అడ్డంగా తిప్పి, రిమ్ము మధ్యలో సమంగా కూర్చోబెట్టండి. ఒక చేత్తో తీగను పైకి లాగి చూస్తే పక్కకు వాలిందో లేదో తెలుస్తుంది.
- తీగ మెలిక పడలేదని చూసుకుని కుడికి తిప్పండి. మొదటి పది చుట్లు నెమ్మదిగా, తీగ డ్రమ్ము మీద వరుసగా చుట్టుకునేలా.
- టైరు చాసిస్‌ను తాకే ముందు ఆపి, బిళ్ల ఇంకా మధ్యలోనే ఉందా అని టార్చితో చూడండి.
- పూర్తిగా బిగించండి. కొన్ని వించ్‌లు 'టక్ టక్' మని చప్పుడు చేసి ఇక తిరగవు. చప్పుడు లేనివాటిలో రాడ్ మీద బిగువు స్పష్టంగా పెరుగుతుంది.
- కాలితో తన్ని కాదు, రెండు చేతులతో టైరును పక్కకు, వెనకకు గట్టిగా ఊపి చూడండి. ఏమాత్రం కదిలినా మళ్లీ బిగించండి.
- 20 కిలోమీటర్ల తరువాత ఒకసారి ఆగి మళ్లీ ఊపి చూడండి. టైరు, తీగ సర్దుకుని కొంచెం వదులవడం సహజం.
- గొలుసు, తాళం.

బిళ్ల రిమ్ములో సరిగా కూర్చోకపోతే, ఉదాహరణకు అలాయ్ వీల్స్ వేయించిన బండ్లలో, బలవంతంగా బిగించవద్దు. ఆ చక్రాన్ని తొట్టిలో కట్టండి. ఖాళీ తీగను కూడా పూర్తిగా చుట్టేయాలి. వేలాడుతున్న తీగ వెనక చక్రానికి చుట్టుకుంటుంది.

9. వానలకు ముందు, వానలు ఆగాక

ఏడాదికి రెండుసార్లు, జూన్ మొదట్లో, అక్టోబరు చివర, స్టెప్నీని పూర్తిగా దించి ఎక్కించండి. హుమ్మా ఉప్పుమళ్ల నుంచి ఉప్పు ఎత్తే బండ్లకు, గోపాలపూర్ వైపు చేపల బండ్లకు ఇది చాలదు. నెలకోసారి నీళ్లతో కడిగి, దించి చూడాలి. ఉప్పు నీరు కారిన తీగను తుప్పు లోపలి నుంచి తింటుంది, పైకి తీగ బాగానే కనిపిస్తుంది.

దించినప్పుడు చూడాల్సినవి:

- తీగను పాత గుడ్డతో పట్టుకుని చివరి దాకా జరపండి. గుడ్డకు పోగులు గుచ్చుకుంటే తీగ తెగడం మొదలైనట్టే. వించ్ మార్చండి, ముడి వేసి సరిపెట్టకండి.
- వైర్ బ్రష్‌తో తుడిచి తీగకు పలుచగా గ్రీజు రాయండి. ముద్దగా రాస్తే మట్టిని పట్టేస్తుంది.
- వించ్ పెట్టె బోల్టులు చాసిస్‌కు బిగువుగా ఉన్నాయా?
- గాలి. మాన్యువల్‌లో నిండు సరుకుకు వెనక చక్రాలకు చెప్పినంత పెట్టండి. ముందు చక్రానికి వాడాల్సి వస్తే తగ్గించడం తేలిక, దారిలో పెంచడం కష్టం.
- టైరు వయసు. పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు టైరు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2419 అంటే 2019లో 24వ వారం. వాడకుండా వేలాడిన టైరు కూడా ముసలిదవుతుంది. పక్క గోడల్లో పగుళ్లు ఉంటే గాళ్లు ఎంత కొత్తగా ఉన్నా దాని మీద సరుకు వేయవద్దు.

10. పంక్చర్ షాపుకు చేరాక

పగిలిన చక్రాన్ని స్టెప్నీ స్థానంలోనే రోజుల తరబడి ఉంచుకుని తిరిగే బండ్లు చాలా ఉన్నాయి. రెండో పంక్చర్ దాకా ఎవరికీ గుర్తురాదు. లక్ష్మీపూర్ దాటి నారాయణపట్నం వైపు లోపలికి వెళ్లాల్సిన పని ఉంటే రాయగడలోనో, కోరాపుట్‌లోనో ముందే వేయించుకుని కదలండి.

షాపులో మేకు తీసిన చోటే కాదు, నాజిల్ మొదలు, రిమ్ము అంచు కూడా నీళ్లలో ముంచి చూడమనండి. గాలి లేకుండా కొంత దూరం నడిపిన టైరు అయితే విప్పి లోపలి గోడ చూపించమనండి. లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంటే ఆ టైరు ఇక సరుకుకు పనికిరాదు.

చివరగా వించ్ బిగింపు మీరే చేయండి. షాపు కుర్రాడు త్వరగా కానిచ్చేస్తాడు. టైరును ఊపి చూడాల్సింది బండి తోలే మనిషి.